దయాకోశం చుట్టూ పది అడుగులు

గుమ్మలూరు ప్రజల్లో దయ ఎంత ఉందో తూకం వేసి చూడాలన్న ఆలోచన కొత్తగా వచ్చిన కమిషనరు కౌశిక్ గారిది. ఆయనకు ముందున్న కమిషనర్లు కుళాయిలు, కాలవలు, వీధికుక్కలు లెక్కపెట్టుకుంటూ బదిలీ అయిపోయారు. ఈయన అలాంటి మనిషి కాదు. ప్రతి ఇంట్లోనూ వాడకుండా పడున్న బట్టలు, దుప్పట్లు ఉంటాయనీ, అవి లేక ఇబ్బంది పడేవాళ్లూ అదే ఊళ్లో ఉంటారనీ, మధ్యలో ఒక ఇనప పెట్టె నిలబెడితే ఇద్దరికీ మేలనీ కౌన్సిలు సమావేశంలో గంటసేపు మాట్లాడారు. ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకని అందరూ బల్లలు చరిచారు.

పెట్టెను రైతుబజారు దగ్గర పెడదామనుకున్నారు. దాన్ని తన ఇంటి ముందుకు తెప్పించుకున్నది కడలి వీరరాఘవులు మాస్టారు. మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి ఆ వేసవిలోనే రిటైరయ్యారు. అంతవరకూ ఆయన ఈల వేస్తే ఆరువందలమంది పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలబడేవారు. ఇప్పుడు వాకిట్లో పేము కుర్చీ వేసుకుని కూర్చుంటే వీధిలో పోయే మేకలు కూడా ఆయన కేసి చూడటం లేదు. ఇంటి ముందు ప్రభుత్వం వారి వస్తువేదైనా ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. ఆఫీసు చుట్టూ తిరిగి, తన గోడ పక్కన నీడ ఉందనీ, తాను పగలంతా కనిపెట్టుకుని ఉంటాననీ చెప్పి ఒప్పించారు.

ఆయన భార్య రత్నమాణిక్యం ఈ సంగతి విని, పోస్టు డబ్బా అడిగినా కొంత అర్థముండేదని మాత్రం అంది.

పెట్టె వచ్చింది. నిలువెత్తు పెట్టె, పసుపు రంగు, పైభాగాన చిన్న మూట పట్టేంత నోరు. మీద దయాకోశం అని పెద్దక్షరాలు. వాటి కింద, మీకు అక్కర్లేనిది ఇక్కడ ఉంచండి, అవసరమైనవారు తీసుకోండి అని చిన్నక్షరాలు. ప్రారంభోత్సవంనాడు మాస్టారికి కూడా ఒక దండ పడింది.

జనం నిజంగానే మంచివాళ్లు. ఉతికి మడతపెట్టిన చీరలు, చొక్కాలు, పిల్లల స్వెట్టర్లు తెచ్చి వేశారు. వారం తిరక్కుండా పెట్టె నిండిపోయింది. కాలవగట్టు మీద పాకల్లో ఉండేవాళ్లు వచ్చి చూశారుగాని, తలుపుకు తాళం ఉంది. తాళంచెవి దయావిభాగం సూపరింటెండెంటు దగ్గర ఉండాలని ఉత్తర్వు. దయావిభాగానికి సూపరింటెండెంటును ఇంకా వేయలేదు. వాళ్లు పెట్టె మీది అక్షరాలు ఎవరిచేతనో చదివించుకుని, బాగుందని వెళ్లిపోయారు.

లోపల చోటు లేకపోవడంతో దాతలు పెట్టె పక్కన పెట్టడం మొదలుపెట్టారు. లోపల వేయాలంటే నోటి కొలత చూసుకోవాలి. పక్కన పెట్టడానికి ఆ ఇబ్బంది లేదు. ముందు దూది కారుతున్న పరుపులు వచ్చాయి. తర్వాత కాళ్లు విరిగిన కుర్చీలు, బొమ్మ రాని టీవీలు, పగిలిన కమోడు ఒకటి వచ్చాయి. పక్క వీధి కల్యాణమండపంలో పెళ్లయిన మర్నాడు తిన్న విస్తరాకులు ట్రాలీ రిక్షాలో వచ్చాయి. మాస్టారు ఎదురెళ్లి ఇదేమిటని అడిగితే, రిక్షా అతను ఆకులు దించుతూనే, ఇంటివాళ్లు దయాకోశం దగ్గర పెట్టి రమ్మన్నారని వినయంగా చెప్పాడు.

మాస్టారు శానిటరీ ఇన్‌స్పెక్టరు దావీదు రాజుకు కబురు పెట్టారు. దావీదు రాజు ఒకప్పుడు ఆయన శిష్యుడే, జిల్లా పోటీల్లో కబడ్డీ ఆడినవాడు. వెంటనే ట్రాక్టరు తీసుకొచ్చి, పెట్టె తప్ప అంతా ఎత్తించి, నేల ఊడిపించి, బ్లీచింగు చల్లించి వెళ్లాడు.

ఆ సాయంత్రమే గొడవైంది. ఎత్తుకుపోయిన వాటిలో ఒక కౌన్సిలరు గారింటి నవారు మంచం ఉంది. మంచానికి నవారు లేదు, రెండు కోళ్లూ లేవు. అయినా తాను మనసారా దానం చేసిన మంచాన్ని చెత్తబండి ఎక్కిస్తారా అని కౌన్సిలరు గారు ఆఫీసు మెట్ల మీద బైఠాయించారు. కమిషనరు గారు ఆయనకు మజ్జిగ ఇప్పించి, మర్నాడే మార్గదర్శకాలు విడుదల చేశారు. వాటిని దావీదు రాజు మాస్టారి వాకిట్లో నిలబడి చదివి వినిపించాడు.

"కోశమునకు నలువైపులా పది అడుగుల పరిధిలో ఉంచబడిన ప్రతి వస్తువూ దానముగా పరిగణింపబడును. అట్టి దానమును చెత్త అని వ్యవహరించుట, కదల్చుట, కదల్చుటకు ఉద్దేశించుట దాతల మనోభావములను గాయపరచుటగా భావింపబడును."

చదివి, కాగితం జేబులో పెట్టుకుని, పెట్టె చుట్టూ సున్నంతో గీత గీయించాడు. గీత గుండ్రంగా రావడం లేదని మాస్టారే వెళ్లి మేకు పాతి, తాడు కట్టి, సరిగ్గా గీసి చూపించారు. చేతికి ఆ పని తగిలి ఎన్నాళ్లో అయింది. ఆ కాసేపూ సంతోషంగానే ఉన్నారు.

ఇక ఊరికి మార్గం దొరికింది. ఇంట్లో చెత్త తడి, పొడి అని వేరుచేసి బండివాడు వచ్చేదాకా కాచుకోవడం కన్నా, గీత లోపల దించేసి దాత అనిపించుకోవడం హాయిగా ఉంది. మూడు వీధుల అవతల పాత ఇల్లు పడగొట్టినవాళ్లు పెళ్లలన్నీ టిప్పరులో తెచ్చి దించారు. ఆఫీసువారు దాన్ని గృహనిర్మాణ సాయం కింద చూపారు. విస్తరాకులు అన్నదానం కిందికి వెళ్లాయి. వాటికోసం వచ్చే కుక్కలు, పందులు లబ్ధిదారుల కిందికి వెళ్లాయి. నెల తిరిగేసరికి దయలో గుమ్మలూరు జిల్లాకే మొదటిదని పైవాళ్ల దగ్గర్నుంచి జ్ఞాపిక వచ్చింది. కమిషనరు గారు దాన్ని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కుప్ప ముందు నిలబడి అందుకున్నారు.

మాస్టారు ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు తెల్లవారుతుండగా హోటలు నరసన్న గోనె నిండా ఉల్లిపొట్టు, కుళ్లిన టమాటాలు తెచ్చి దించుతుంటే రెక్క పట్టుకుని, దారి పొడుగునా వదలకుండా, ఆఫీసుకు నడిపించుకుపోయారు. ఆఫీసు తెరవగానే ఇద్దరినీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కమిషనరు గారు బయటికొచ్చి నరసన్నకు శాలువా కప్పారు. మాస్టారికి కూడా కప్పబోయారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. కింద, సిగ్గరి దాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు అని రాశారు. నరసన్న ఆ ముక్క కత్తిరించి హోటల్లో గల్లాపెట్టె వెనకాల అతికించుకున్నాడు. ఆ తర్వాత గోనె పట్టపగలే తేవడం మొదలుపెట్టాడు.

మాస్టారు గోడ మీద, ఇక్కడ చెత్త వేయరాదు అని రాయించారు. దానిని చెత్త అన్నందుకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. ఇక్కడ దానం చేయరాదు అని మార్పించారు. దానాన్ని నిరుత్సాహపరిచినందుకు ఇంకో నోటీసు వచ్చింది. మాణిక్యం వంటింటి కిటికీలన్నీ మూసేసి, వీధి వైపు రావడమే మానేసింది. పెరటి దోవన బజారుకు వెళ్లొస్తోంది.

ఇంతలో కుప్ప పెరిగి పెట్టె కనిపించకుండా పోయింది. కనిపించని పెట్టె నుంచి పది అడుగులు ఎలా కొలవాలని దావీదు రాజు రాతపూర్వకంగా అడిగాడు. అడగకుండా ఉండాల్సిందని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. కోశమనగా పెట్టె, మరియు ఆ పెట్టెను ఆనుకుని ఉన్న సమస్త దానములు అని జవాబు వచ్చింది. అంటే కుప్ప అంచు నుంచి పది అడుగులు. కుప్ప ఒక అడుగు జరిగితే గీత కూడా ఒక అడుగు జరుగుతుంది. జరిగిన మేరకు కుప్పకు చోటు దొరుకుతుంది.

గీత ముందు మాస్టారి గేటు దాటింది. ఓ ఉదయం స్కూటరు కోసం వస్తే స్కూటరు లేదు. అవసరమైనవారెవరో వచ్చి పద్ధతి ప్రకారం సంతకం పెట్టి తీసుకెళ్లారట. అవసరం ఉన్నట్టే ఉందండి, చాలా తొందరగా వెళ్లిపోయాడు అని కుప్పకు ఆఫీసువారు కొత్తగా పెట్టిన కాపలాదారు చెప్పాడు. తర్వాత పూలకుండీలు పోయాయి. ఆరేసిన లుంగీ పోయింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు వరండాలో పేము కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నారు. కళ్లు తెరిచేసరికి గీత వరండా మెట్లెక్కి, కుర్చీ వెనక నుంచి తిరిగి, ముందుగది మధ్యలోంచి పోయి, అవతల గోడ దాటి ఉంది. సున్నం బక్కెట్టు పట్టుకుని దావీదు రాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మాస్టారండీ, లేవకండి," అన్నాడు. "ఇప్పుడు మీరు గీత లోపల ఉన్నారండి."

మాస్టారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టారు. దావీదు రాజు స్కూల్లో తిట్లు తిన్నట్టే తలవంచుకుని తిన్నాడు. మేలుకున్నాక గియ్యొచ్చు కదా అంటే, కొలత మధ్యలో ఆపకూడదని పై నుంచి ఉత్తర్వుందన్నాడు.

ఫోను చేస్తే కమిషనరు గారే వచ్చారు. ఎంతో గౌరవంగా మాట్లాడారు. వస్తువు అన్న మాటలో మనిషి రాడని మాస్టారు వాదించారు. మార్గదర్శకాల్లో అలాంటి మినహాయింపేదీ లేదని కమిషనరు గారు అన్నారు.

"మాస్టారూ, ఒక్క విషయం ఆలోచించండి. మీ విషయంలో వెసులుబాటు ఇస్తే రేపు పరుపు తరఫున ఎవరైనా అడుగుతారు. వ్యవస్థ అన్నాక అందరికీ ఒకటే గీత ఉండాలి. ఇన్నేళ్లు పిల్లలకి మీరు నేర్పింది అదే కదా."

ఆ మాట మాస్టారికి తగలరాని చోట తగిలింది. బొటనవేలు గీత మీద పడిందని ఆయన ఎంతమంది పిల్లల్ని ఆటలోంచి పంపేశారో ఆయనకే తెలీదు. ఏడ్చినా వినలేదు, తండ్రులు వచ్చి బతిమాలినా వినలేదు. ఇప్పుడు తన దాకా వచ్చేసరికి గీత చెరిపెయ్యమనడానికి నోరు రాలేదు. తిరిగి కుర్చీలో కూర్చున్నారు. దావీదు రాజు ఆయన చొక్కా గుండీకి ఒక అట్టముక్క కట్టాడు. వస్తువు: పురుషుడు. స్థితి: వాడినది, పనిచేయుచున్నది.

మాణిక్యం వంటింట్లో ఉంది. వంటిల్లు, వెనకగది గీతకు అవతల ఉన్నాయి. ఆమె వచ్చి, గీతను చూసి, అట్టముక్క చదివి, భోజనం వేళయిందని కంచం అందించింది. అందించాక గాని తెలీలేదు, సంతకాల మీద ఇవ్వడం ఆపేశారనీ, లోపలికి వెళ్లిన కంచం తిరిగి ఇవ్వడానికి వీల్లేదనీ. ఆదివారం వచ్చేసరికి ఇంట్లో స్టీలు సామాను సగం గీతకు ఇవతలే చేరింది. అప్పట్నుంచి ఆమె అరిటాకులో పెట్టడం మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం ఇద్దరూ ముందుగదిలో గీతకు చెరో వైపూ చాప వేసుకుని కూర్చునేవారు. ఒకరోజు కాపలాదారు టీ తాగడానికి వెళ్లాడు. మాణిక్యం గొంతు తగ్గించి, ఇటొక్క అడుగు వేసి వచ్చెయ్యండి, ఎవరూ లేరు అంది. మాస్టారు లేచారు. గీత దాకా వచ్చారు. కాలు ఎత్తారు. అలాగే ఒక్క క్షణం నిలబడి, కాలు వెనక్కి దించుకున్నారు.

"ఎవరూ చూడనప్పుడు దాటడం ఇంకా తప్పు మాణిక్యం," అన్నారు.

మాణిక్యం ఆయన కేసి చాలాసేపు చూసింది. తిట్టలేదు. లేచి, చెప్పులు వేసుకుని, పెరటి దోవన ఎటో వెళ్లింది. దావీదు రాజు ఇంటివైపు వెళ్లిందని కాపలాదారు తర్వాత అన్నాడు.

దయామేళా ప్రకటించారు. వచ్చి చేరిన దానాలను అవసరమైనవారికి కమిషనరు గారి చేతుల మీదుగా అందజేస్తారట. నిబంధన ఒకటే: ఇంటికి ఒక వస్తువు. కుప్ప ముందు షామియానా వేశారు, అత్తరు చల్లారు, మైకు పెట్టారు. పైఆఫీసు నుంచి ఒక పరిశీలకుణ్ని పిలిచారు. మాస్టారి కుర్చీని తెచ్చి వేదిక ముందు, గీత లోపలే, పరుపులకూ పెళ్లలకూ మధ్యన వేశారు. కాలవగట్టువాళ్లను ఆటోల్లో తీసుకొచ్చారు.

వాళ్లు కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కులు మూసుకుని, వచ్చి నిలబడ్డారు. పరుపు వద్దన్నారు. కమోడు వద్దన్నారు. ఇటుక పెళ్లలు ఏం చేసుకుంటామన్నారు. కమిషనరు గారు చెమట తుడుచుకుంటూ, మంచి స్థితిలో ఉన్న వస్తువు కూడా ఒకటి ఉందని మైకులో చెప్పారు. అందరూ మాస్టారి కేసి చూశారు.

అప్పుడు చేతులు లేచాయి. రేషను క్యూలో నిలబడటానికి మనిషి కావాలని ఒక ముసలామె అంది. గేటు దగ్గర నిలబెట్టుకుంటామని కల్యాణమండపంవాళ్లు అన్నారు. కాలవగట్టు సత్తెమ్మ మొదటి వరసలోంచి, మాకియ్యండి బాబూ, శుభ్రంగా చూసుకుంటాం అంది. ఒకతను దగ్గరికొచ్చి మోకాళ్లు నొక్కి చూశాడు. మాస్టారికి అవమానంగానే ఉంది. కాని ఇందరు తనను కావాలనడం రిటైరయ్యాక ఇదే మొదటిసారి. నడుం కొంచెం నిటారుగా పెట్టి కూర్చున్నారు.

మాణిక్యం జనంలోంచి ముందుకొచ్చింది. పెరటి దోవన వచ్చింది గనక గీతకు అవతలే నిలబడింది. అందరూ దారి ఇచ్చారు. కమిషనరు గారికి ప్రాణం లేచొచ్చింది. భర్తను తిరిగి పొందుతున్న భార్య ఫొటో ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. కెమెరావాళ్లను దగ్గరికి పిలిచి, మైకు ఆమె ముందు పెట్టారు.

"అమ్మా, పరిధిలో ఉన్న వస్తువుల్లో మీకు ఏది అవసరమో సంకోచించకుండా చెప్పండి. పురపాలక సంఘం కాదనదు."

"పెట్టె ఇప్పించండి," అంది మాణిక్యం.

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వు షామియానా అంతా పాకింది. మాస్టారు తల ఎత్తలేదు. చొక్కాకు కట్టిన అట్టముక్కను తిరగేసి, రాత లోపలికి పోయేలా పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి వంట తిన్న మనిషి. ఇనప పెట్టె పాటి చెయ్యనా అని లోపల అనుకున్నారో లేదో గాని, కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి.

పెట్టె దానం కాదని కమిషనరు గారు అన్నారు. మాణిక్యం వాదించలేదు. దావీదు రాజు కేసి చూసింది. దావీదు రాజు గొంతు సవరించుకుని, పది అడుగుల పరిధిలో ఉన్న ప్రతి వస్తువూ దానమేనని రాసుందండి అన్నాడు. పెట్టె పెట్టెకు పది అడుగుల లోపల ఉందా అని పరిశీలకుడు అడిగారు. లోపలే ఉందండి, కొలిచాను అన్నాడు దావీదు రాజు. పరిశీలకుడు తలూపారు. నిబంధన చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు కూడా. పైనుంచి వచ్చినాయన మెచ్చుకున్నాక కమిషనరు గారికి చేసేదేమీ లేకపోయింది. ఫొటో కోసం నవ్వి, పెట్టె ఆమెకు మంజూరు చేశారు.

హైస్కూలు పాత కబడ్డీ జట్టు నలుగురు కుప్ప తవ్వి పెట్టెను బయటికి లాగారు. గుడ్డలు మోకులుగా కట్టి, సందులోంచి పెరట్లోకి దొర్లించుకుపోయారు. పెట్టె గీత దాటగానే దావీదు రాజు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"సార్, కోశమంటే పెట్టె, దాన్ని ఆనుకున్న దానాలు కదండి. ఇప్పుడు ఆనుకోడానికి పెట్టె లేదు. మరి ఇది దేనికి పది అడుగులండి?"

కమిషనరు గారు కుప్పను చూశారు, గీతను చూశారు. ఇంకో పెట్టె తెప్పిస్తామన్నారు. వచ్చేదాకా ఇదంతా ఏమిటండి అని దావీదు రాజు అడిగాడు. పరిశీలకుడు కూడా జవాబు కోసం చూస్తున్నారు. చాలాసేపటికి కమిషనరు గారు మైకు పక్కకి తోసి, చెత్త అన్నారు. ఆ మాట ఆయన నోట ఆ ఊరు వినడం అదే మొదలు.

దావీదు రాజు ట్రాక్టర్లు వీధి చివర సిద్ధంగానే ఉన్నాయి. పెళ్లలు ఎత్తారు, పరుపులు ఎత్తారు. చివరికి కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"లెగండి మాస్టారండీ. ఇప్పుడు మీరు చెత్తండి. ఎక్కడికైనా ఎల్లిపోవచ్చు."

మాస్టారు లేచి గీత దాకా నడిచారు. ట్రాక్టరు చక్రాల కింద అది సగం చెరిగిపోయింది. మిగిలిన సగాన్ని చెప్పుకాలితో రుద్ది, దాటి, వంటింట్లోకి వెళ్లారు.

పెరట్లో మాణిక్యం రోకలితో పెట్టె తాళం పగలగొడుతోంది. తలుపు తెరుచుకుంది. పైన రెండు వరసలు చెమ్మ పట్టి పాడైనా, కింద చీరలు, స్వెట్టర్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. సాయంత్రానికి కాలవగట్టువాళ్లు పెరటి దోవన వచ్చి, పిల్లలకు కొలతలు చూసుకుని, తీసుకెళ్లారు. ఎవరూ ఫొటో తీయలేదు. మిగిలినవి మడత పెడుతుంటే మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక చొక్కా తీసి గుండీలు పెట్టారు. ఆఖరికి ఉండబట్టలేక అడిగారు.

"పెట్టె తీసేస్తే గీత పోద్దని నీకు ముందే తెలుసా?"

"దావీదు చెప్పాడండి, పోవచ్చని."

"పోవచ్చనా, పోద్దనా?"

"పోవచ్చనే అన్నాడండి."

మాస్టారు ఒక చీర కొంగు అందుకుని పట్టుకున్నారు. ఇద్దరూ మడత పెట్టారు.

"పోకపోతేనో?"

"సత్తెమ్మతో మాట్లాడే ఉంచానండి. మిమ్మల్ని తను అడిగి తీసుకుని, మళ్లీ నాకు ఇచ్చేత్తానంది."

"ఎప్పుడిస్తానంది?"

"ఆళ్ల పాక కప్పు నేయాలంటండి," అంది మాణిక్యం. "అదయ్యాక."